మహిళలు, ట్రేడ్ పనులు, ఫోన్‌లో అందే సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదాయం చాలనివాళ్లు, చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు, ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్నవాళ్లు ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్, తాపీ మేస్త్రి లాంటి పనుల్లోకి రావాలనుకున్నప్పుడు వచ్చే ప్రశ్నలివి. కొన్ని ఆ మహిళలు అడిగేవి, కొన్ని వాళ్ల ఇంట్లోవాళ్లు అడిగేవి, మిగతావి శిక్షణ నడిపేవాళ్లవి. వరసగా చదవక్కర్లేదు. శిక్షణ గురించి అందరూ మాట్లాడతారు. సర్టిఫికెట్ వచ్చిన మర్నాటి నుంచి ఆమె పరిస్థితి ఏమిటన్నది మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాను. ఫోన్ సాయం అంటే, శిక్షణ అయ్యి పనిలోకి వెళ్లిన మహిళకి అనుభవమున్న సీనియర్ మేస్త్రి ఫోన్‌లో దారి చెప్పడం.

ట్రేడ్ అంటే సరిగ్గా ఏ పనులు?

పనిముట్లతో చేసేవి, ఒకరి దగ్గర నేర్చుకుంటే తప్ప రానివి, వచ్చాక నలుగురూ వెతుక్కుంటూ వచ్చేవి. కరెంటు పని, ప్లంబింగ్, వెల్డింగ్, వడ్రంగం, తాపీ పని, టైల్స్, పెయింటింగ్, ఏసీ, ఫ్రిజ్ రిపేరు, మోటార్ వైండింగ్, బండి మెకానిక్ పని, సోలార్ ప్యానెళ్లు బిగించడం ఇందులోకి వస్తాయి. డ్రైవింగ్‌ని కూడా కొందరు కలుపుతారు. ఢిల్లీలో 2008లో మొదలైన ఆజాద్ ఫౌండేషన్ పేద మహిళలకు కారు నడపడం నేర్పి డ్రైవర్లుగా నిలబెట్టింది.

కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సులు ఉండగా ఇవెందుకు?

కుట్టుపని తక్కువదని కాదు. చెయ్యి తిరిగిన టైలర్ ఎక్కడైనా బతకగలదు. చిక్కేమిటంటే, మహిళలకు ఉపాధి అనగానే ఎక్కడ చూసినా అవే రెండు మూడు కోర్సులు పెడతారు. ఒకే చోట అందరూ ఒకే పని నేర్చుకుంటే ఉన్న గిరాకీనే పంచుకోవాలి, రేటు తగ్గించుకోవాలి. అదే చోట పంపు చెడితే బాగుచేసేవాళ్ల కోసం రోజుల తరబడి ఎదురుచూస్తుంటారు.

ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల్లో గ్రామీణ మహిళలు చేతిపంపుల మెకానిక్‌లుగా శిక్షణ పొందారు. పంపు ఆగిపోతే దూరం నుంచి నీళ్లు మోయాల్సింది వాళ్లే, కాబట్టి అది త్వరగా బాగవ్వాలన్న ఆత్రం కూడా వాళ్లకే ఎక్కువ. కోర్సు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఇది. చుట్టుపక్కల ఏ పనికి మనిషి దొరకడం లేదో కనుక్కోండి. "ఆడవాళ్లకు తగిన పని ఏది" అని మొదలుపెడితే మళ్లీ కుట్టుమిషను దగ్గరికే వస్తారు.

ఇవి బరువు పనులు కదా, ఆడవాళ్ల వల్ల అవుతుందా?

దక్షిణాసియాలో ఏదైనా నిర్మాణ సైటుకి వెళ్లి చూడండి. ఇటుకలు, ఇసుక, కాంక్రీటు తట్టలు నెత్తిన మోసేవాళ్లలో చాలామంది ఆడకూలీలే. తాపీ పట్టుకుని గోడ కట్టేది మాత్రం దాదాపు ఎప్పుడూ మగమేస్త్రే. అంటే బరువు ఇప్పటికే వాళ్ల నెత్తిన ఉంది, మేస్త్రి కూలే వాళ్లదాకా రాలేదు. కాబట్టి బరువు గురించి ఎవరైనా పెద్దగా బెంగపడుతుంటే నాకు కాస్త అనుమానమే.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో లండన్‌లో వాటర్లూ వంతెన కట్టినవాళ్లలో పెద్దసంఖ్యలో మహిళలున్నారు. 1945లో ప్రారంభోత్సవం జరిగినప్పుడు ప్రసంగంలో మగవాళ్లనే మెచ్చుకున్నారు. ఆడవాళ్ల సంగతి దశాబ్దాల తర్వాత గానీ బయటికి రాలేదు.

బరువు నిజంగా ఇబ్బంది పెట్టే పనులు లేవని కాదు. ఉన్నచోట అవి మగవాళ్ల నడుమునీ విరుస్తాయి. చాలా దేశాల్లో సిమెంటు బస్తా 50 కిలోలు, బ్రిటన్‌లో మామూలుగా దొరికేది 25 కిలోలు. బస్తా చిన్నదైనందువల్ల అక్కడి గోడలేమీ బలహీనంగా లేవు. కప్పీ, ట్రాలీ, ఇద్దరు కలిసి ఎత్తడం, కాస్త పొడుగు పిడి ఉన్న రెంచి, వీటితో చాలావరకు సరిపోతుంది.

నాకు చదువు అంతగా రాదు. లెక్కలంటే భయం. నేర్చుకోగలనా?

నేర్చుకోగలరు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ, ఆఫ్రికాతో సహా చాలా దేశాల పల్లెల నుంచి వచ్చిన నడివయసు మహిళలకు ఆరు నెలల్లో సోలార్ దీపాలు బిగించడం, రిపేరు చేయడం నేర్పింది. వాళ్లలో చాలామంది చదువు రానివాళ్లు, ఒకరి భాష ఒకరికి తెలియనివాళ్లు. సైగలు, రంగుల గుర్తులు, చేసి చూపడం, మళ్లీ మళ్లీ చేయించడం, ఇదే అక్కడి బోధన.

లెక్కలు కూడా చేతిలో పనిముట్టు ఉంటే వేరేగా వస్తాయి. గోడ మూల సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టుకోండి. సరిగ్గా 5 అడుగులుంటే మూల మట్టంగా ఉన్నట్టే. దీని వెనక ఉన్న సూత్రం పేరు పుస్తకంలో చదివి మర్చిపోయినవాళ్లు కూడా సైటులో దీన్ని మర్చిపోరు.

అయితే ఒక సంగతి దాచను. సంఖ్యలు చదవడం, మీటర్ మీద అంకె గుర్తుపట్టడం, పేరు, తేదీ, మొత్తం రాయడం తప్పనిసరి. కరెంటు పనిలో అయితే వోల్టు, ఆంపియర్ తేడా కూడా. శిక్షణలో మొదటి వారాలు దీనికి ఇవ్వాలి. లైసెన్సు కావాలంటే కనీస చదువు ఉండాలనే చోట్లు కూడా ఉన్నాయి, అది చేరకముందే కనుక్కోండి.

ఎన్నాళ్లు పడుతుంది?

మూడు నెలల కోర్సు మిమ్మల్ని మంచి హెల్పర్‌ని చేస్తుంది, మేస్త్రిని చేయదు. జర్మనీలో చాలా ట్రేడ్‌లకు అప్రెంటిస్‌షిప్, అంటే పనిచేస్తూ నేర్చుకునే కాలం, మూడు, మూడున్నర ఏళ్లు. అమెరికాలో ఎలక్ట్రీషియన్‌కి నాలుగు, ఐదేళ్లు. అక్కడ నేర్చుకుంటున్నన్నాళ్లూ జీతం వస్తుంది, అందుకే అంతకాలం ఆగగలుగుతారు. చిన్న కోర్సు ఇచ్చి "ఇక మీరు ఎలక్ట్రీషియన్" అని పంపేస్తే ఆ తేడా భరించాల్సింది ఆమే. మధ్యలో ఉన్న ఖాళీని సీనియర్ వెంట పనికి వెళ్లడంతో, ఫోన్ సాయంతో పూడ్చాలి.

శిక్షణ పెట్టాలనుకుంటున్నాం. సిలబస్ కాక ఇంకేం చూసుకోవాలి?

సిలబస్ కన్నా ముందు పిల్లల సంగతి చూడండి. పిల్లల్ని చూసుకునే ఏర్పాటు లేని కోర్సుకి, పిల్లలున్న తల్లులు పేరు రాయించుకుంటారు, రెండు వారాలకి మానేస్తారు. తర్వాత రిజిస్టర్‌లో "ఆసక్తి లేదు" అని రాస్తారు. అది ఆసక్తి లేకపోవడం కాదు.

రెండోది స్టైపెండ్, అంటే శిక్షణ రోజుల్లో చేతికిచ్చే డబ్బు. రోజుకూలీతో ఇల్లు గడిచే మనిషి ఆ కూలి వదులుకుని ఉచిత శిక్షణకి వస్తే, ఆ శిక్షణ ఆమెకు ఉచితం కాదు. మూడోది తలుపుకి గడియ పడే మరుగుదొడ్డి. నాలుగోది సమయం. పొద్దున్న తొమ్మిదికి క్లాసు అంటే ఇంట్లో వంట, పిల్లల బడి అయ్యాక బస్సు దొరుకుతుందా అని వాళ్లనే అడిగి పెట్టండి.

ఇక సైజులు. పెద్ద గ్లవుజు వేసుకుంటే డ్రిల్లింగ్ మిషన్‌లో చిక్కుకుంటుంది. వదులుగా ఉన్న సేఫ్టీ బెల్టు పడినప్పుడు కాపాడకపోగా మనిషిని గాయపరుస్తుంది. మగవాళ్ల కొలతకి చేసిన బూట్లలో గుడ్డ కుక్కి నిచ్చెన ఎక్కితే కాలు జారుతుంది. చిన్న సైజులు ఆర్డరు పెట్టడానికి "ముందు ఎంతమంది చేరతారో చూద్దాం" అని ఆగకండి.

బ్యాచ్ అంతా మగవాళ్లు, ఒక్క మహిళే ఉంటే పర్వాలేదా?

వీలైనంతవరకు వద్దు. కనీసం ఇద్దరు ముగ్గుర్ని కలిపి చేర్చండి, పనికి పంపేటప్పుడు కూడా జతగా పంపండి. ఒక్కరే ఉంటే ఆమె చేసిన ప్రతి చిన్న తప్పూ "ఆడవాళ్లందరి" తప్పు అయిపోతుంది. ఆ టెన్షన్‌లో ఎవరికీ పని రాదు.

నేర్పేది మహిళే అయ్యుండాలా?

ఉంటే చాలా మంచిది. లేకపోతే ఆగిపోవద్దు, ఆగితే ఎప్పటికీ ఉండరు. పనిముట్టు లాక్కుని తనే చేసి చూపించేసే మేస్త్రి కన్నా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడగలిగే మేస్త్రిని ఎంచుకోండి, ఆడైనా మగైనా. మొదటి బ్యాచ్‌లో బాగా నేర్చిన ఒకరిద్దర్ని రెండో బ్యాచ్‌కి జీతమిచ్చి సహాయకులుగా పెట్టండి.

శిక్షణ అయినవాళ్లు మొదటి ఏడాదిలోనే ఎందుకు మానేస్తారు?

పని రాక కాదు. నేను చూసినంతవరకు అసలు కారణం, సైటులో చిక్కొస్తే పక్కన అడగడానికి ఎవరూ లేకపోవడం.

కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాడికి మావయ్యో, అన్న స్నేహితుడో, పాత మేస్త్రో ఉంటాడు. సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడి "ఇవాళ ఒక మోటారు వచ్చింది, స్టార్ట్ అవ్వట్లేదు" అంటే నలుగురు నాలుగు మాటలు చెబుతారు. కోర్సులో రాని సగం పని అతనికి అలా వస్తుంది. ఏ కొట్టులో సామాను మంచిది, ఏ కాంట్రాక్టరు డబ్బులు ఎగ్గొడతాడు, ఈ పనికి ఎంత అడగాలి, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. ఆ గుంపులో ఆమెకి చోటు లేదు. దాంతో ఆమెకు అర్థంకాని మొదటి ఫాల్టు వచ్చినప్పుడు ఒంటరిగా నిలబడుతుంది, కస్టమర్ వేరే ఎవరినో పిలుస్తాడు, రెండోసారి ఆమెను పిలవడు. ఇలాంటివి రెండు మూడు జరిగితే చాలు.

ఫోన్ సాయం ముఖ్యంగా ఈ లోటు కోసం. కొత్త పాఠాలు చెప్పడానికి అని అనుకుంటే దాని ఉపయోగం సగం పోతుంది.

ఇంకో కారణం, మొదటి పని దొరక్కపోవడం. దీనికి ఫోన్ పనికిరాదు, మనుషులు తిరగాలి. కోర్సు మొదలుపెట్టకముందే కాంట్రాక్టర్లతో, అపార్ట్‌మెంట్ సంఘాలతో, బడులతో మాట్లాడి పనులు ఒప్పుకోవాలి. న్యూయార్క్‌లో 1978 నుంచి పనిచేస్తున్న నాన్‌ట్రెడిషనల్ ఎంప్లాయ్‌మెంట్ ఫర్ విమెన్ సంస్థ మహిళలకు ఉచితంగా శిక్షణ ఇచ్చి, అక్కడి నుంచి యూనియన్ల అప్రెంటిస్‌షిప్‌లలోకి పంపిస్తుంది. శిక్షణకి అవతల తలుపు తెరిచి ఉండటమే అక్కడి బలం. అంతా చేసినా అమెరికాలో నిర్మాణ ట్రేడ్‌లలో మహిళలు ఇప్పటికీ సుమారు 4 శాతమే. తేలికని ఎవరూ అనుకోవద్దు.

ఫోన్ సాయం అంటే పనిచేస్తుండగా వీడియో కాల్ చేయడమా?

అందరూ మొదట అనుకునేది అదే. ఎక్కువ పనికొచ్చేది మాత్రం పనికి ముందు చేసే ఫోను. చూసొచ్చిన పని ఫొటోలు పంపి, ఏ సామాను కావాలి, ఎన్ని మీటర్ల వైరు, ఎంత టైము పడుతుంది, ఎంత అడగాలి అని సీనియర్‌తో ఒకసారి మాట్లాడుకుంటే సగం గండాలు అక్కడే గట్టెక్కుతాయి. పనయ్యాక ఫొటోలు పంపి తప్పులు చెప్పించుకోవడం రెండోది. పని మధ్యలో అడగడం వీటి తర్వాతే వస్తుంది.

మధ్యలో ఫోన్ చేసినప్పుడు సీనియర్ పాటించాల్సిన పద్ధతి ఒకటుంది. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటే పాఠం చెప్పకండి, సూటిగా దారి చెప్పండి. "నువ్వేం కొలిచావు, ఎందుకలా అనుకుంటున్నావు" అన్న ప్రశ్నలు సాయంత్రానికి ఉంచండి. స్పీకర్‌లో మాట్లాడకండి. స్పీకర్‌లో మగగొంతు వినపడగానే కస్టమర్ "ఆయన్ని ఇటివ్వమ్మా, నేను మాట్లాడతా" అంటాడు. అక్కడితో ఆమె మళ్లీ హెల్పర్ అయిపోతుంది. అలా అడిగితే "పని ఆవిడది సార్, ఆవిడనే అడగండి" అని ఫోన్ పెట్టేసే మనిషే ఈ పనికి తగినవాడు.

ఎప్పుడు ఫోన్ చేస్తే ఎత్తుతారో కూడా తేలాలి. "ఎప్పుడైనా చెయ్యి" అంటే ఎప్పుడూ దొరకరని అర్థం. రోజులో కొన్ని గంటలు పెట్టుకుని, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు ఎత్తేలా కనీసం ఇద్దర్ని పెట్టండి.

ఫోన్‌లో చెప్పి చేయించకూడని పనులేవి?

కరెంటు ఉన్న వైరు మీద ఏ పనీ చేయించకూడదు. ఇందులో మినహాయింపు లేదు. ఒక చేతిలో ఫోన్ పట్టుకుని, కళ్లు తెర మీద పెట్టి, ఇంకో చేత్తో వైరు ముట్టుకోవడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

ముందు మెయిన్ ఆపి, ఎవరూ వేయకుండా తాళం వేయాలి, లేదా ఫ్యూజు తీసి జేబులో పెట్టుకోవాలి. తర్వాత మీటర్‌ని కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడాలి, పనిచేయబోయే చోట పెట్టి చూడాలి, మళ్లీ కరెంటున్న చోట పెట్టి చూడాలి. మూడోసారి ఎందుకంటే, మధ్యలో మీటరే చెడి ఉంటే అది చూపించిన సున్నాకి విలువ లేదు. వెలిగే టెస్టర్ స్క్రూడ్రైవర్‌ని మాత్రం నమ్ముకోవద్దు. అది వెలగనంత మాత్రాన కరెంటు లేదని కాదు. ఏసీలో, ఇన్వర్టర్‌లో కెపాసిటర్లు మెయిన్ ఆపాక కూడా ఛార్జ్ పట్టి ఉంచుకుంటాయి. సోలార్ ప్యానెల్ అయితే ఎండ పడుతున్నంతసేపూ కరెంటు ఇస్తూనే ఉంటుంది, ఇంటి మెయిన్ ఆపినా ప్యానెల్ వైపు వైర్లలో కరెంటు పోదు.

రంగుల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది, దూరం నుంచి సాయం చేసేవాళ్లు ఇందులో తేలిగ్గా పడతారు. కరెంటు వచ్చే వైరు ఫేజు, తిరిగి వెళ్లే వైరు న్యూట్రల్. యూరప్‌లో నీలం వైరు న్యూట్రల్. భారత్‌లో చాలాకాలంగా ఉన్న పద్ధతిలో మూడు ఫేజుల రంగులు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్ నలుపు. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. వేరే దేశంలో పనిచేసిన మేస్త్రి ఫోన్‌లో "నీలం వైరు ఏం కాదులే, తీసెయ్" అంటే ఇక్కడ ప్రాణం మీదికి రావచ్చు. రంగు చెప్పి సలహా ఇవ్వొద్దు, కొలిపించి ఇవ్వండి.

గ్యాస్ వాసన వస్తున్న చోట, మ్యాన్‌హోల్ లోపల, ఎత్తు మీద ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఫోన్‌లో దారి చూపడం ఉండదు. "బయటికి రా" అనడమే సాయం. వెల్డింగ్ జరుగుతుండగా కెమెరాలో చూడటం దండగ, మంట వెలుగుకి ఏమీ కనపడదు. చల్లారాక అతుకు ఫొటో పంపితే చాలు.

ఆపెయ్ అని చెప్పినప్పుడు ఆమె ఆపగలగాలి. పని ఆపినందుకు ఆ రోజు కూలి పోతుందంటే ఎవరూ ఆపరు. కార్యక్రమం నడిపేవాళ్ల దగ్గర దీనికోసం కొంత సొమ్ము పక్కన ఉండాలి.

ఫొటో పంపి అడిగితే సరైన జవాబు రావట్లేదు. ఎలా అడగాలి?

ఒక్క ఫొటో సరిపోదు. దూరం నుంచి ఒకటి, అసలు చోటు దగ్గరగా ఒకటి, మిషన్ మీద దాని వివరాలుండే రేకు ప్లేటు స్పష్టంగా ఒకటి తీయండి. పగుళ్లు, లీకులు కనపడాలంటే టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వేయండి. సైజు తెలియాలంటే పక్కన టేపు పెట్టండి. మోటారు రొద చేస్తుంటే ఫొటో ఎందుకు, కాసేపు ఆ శబ్దం రికార్డు చేసి పంపండి. బేరింగ్ పోయిందో, ఫ్యాన్ తగులుతోందో విని చెప్పేస్తారు.

తర్వాత ఒక వాయిస్ మెసేజ్‌లో మూడు సంగతులు చెప్పండి: కస్టమర్ ఏమన్నాడు, మీరు ఏం కొలిచారు, ఇప్పటికే ఏం మార్చారు. మూడోది చాలామంది దాస్తారు, సిగ్గుపడి. దాస్తే సీనియర్ తప్పుదారి పడతాడు. టైపు చేయడం కష్టమైతే అసలు చేయకండి.

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయిగా, వేరే సాయం ఎందుకు?

వీడియోలో మిషన్ ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, నట్టు ఎప్పుడూ తిరుగుతుంది. మీ ముందున్న నట్టు తుప్పు పట్టి ఉంటుంది. చూడండి, తప్పేం లేదు, కానీ మీ చేతిపని చూసి "అది తప్పు" అని చెప్పేవాళ్లు ఉండాలి.

ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒకటే, అది మా ఆయన దగ్గరుంటుంది.

ఇది చిన్న విషయం కాదు, చాలా కార్యక్రమాలు ఇక్కడే దెబ్బతింటాయి. టూల్ కిట్‌లో ఫోన్‌ని కూడా ఒక పనిముట్టుగా చేర్చి ఆమె పేరు మీద ఇవ్వడం మంచిది. అది కుదరకపోతే మామూలు బటన్ ఫోన్‌తో పనిచేసే ఏర్పాటు ఉండాలి: ఒక నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తే సీనియర్ తిరిగి ఫోన్ చేయడం లాంటిది. ఉమ్మడి ఫోన్ అయితే రాత్రిపూట మెసేజ్‌లు పంపొద్దు, ఆమె వేధింపు గురించి చెప్పిన మాటలు మెసేజ్‌లో రాయొద్దు. ఫోన్ ఎవరి చేతిలో ఉందో మీకు తెలియదు.

ఫోన్‌లో సాయం చేసే మేస్త్రికి డబ్బులివ్వాలా, సేవ అనుకోవాలా?

ఇవ్వాలి. సేవగా మొదలుపెట్టినవాళ్లు మొదట్లో బాగానే ఎత్తుతారు, పండగ సీజన్‌లో పని పెరగ్గానే ఎత్తరు. తప్పు పట్టలేం, అది వాళ్ల కూలి సమయం.

పనికి ఎంత అడగాలో తెలియడం లేదు. ఎక్కువ చెబితే పోతుందేమోనని భయం.

కొత్తగా వచ్చిన మహిళలు దాదాపు అందరూ తక్కువే చెబుతారు, చెప్పాక ఇంకొంత తగ్గిస్తారు. సామాను ఖర్చు, పట్టే గంటలు, వెళ్లి రావడానికి పట్టే సమయం, ఛార్జీలు, పనిముట్ల అరుగుదల, పని తిరగబడితే మళ్లీ రావాల్సిన ఒక రాక, ఇన్నీ కలపండి. వచ్చిన మొత్తం కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్పిన రేటుని బేరమాడినంత తేలిగ్గా రాసిచ్చిన రేటుని బేరమాడరు. సామాను డబ్బు ముందే తీసుకోండి, పెద్ద పనైతే మిగతాది విడతలుగా తీసుకోండి. ఎంత అడగాలన్నది మీ దగ్గరున్న ఇతర మహిళలతో మాట్లాడుకోండి. పోటీపడి ఒకరి రేటు ఒకరు తగ్గించుకోవడం అందరికీ నష్టం.

తెలియని ఇంటికి ఒంటరిగా వెళ్లడం క్షేమమేనా?

మొదటి కొన్నాళ్లు జతగా వెళ్లండి. వెళ్లేముందు చిరునామా, పేరు, ఫోన్ నంబరు ఒకరికి పంపండి, పనయ్యాక ఫోన్ చేయండి. మీరు చేయకపోతే ఫలానా సమయానికి వాళ్లు చేయాలి. ఎత్తకపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి, లేకపోతే ఇదంతా లాంఛనం అయిపోతుంది. మనసుకి నచ్చకపోతే గడప దగ్గర నుంచే "సామాను మర్చిపోయాను" అని వచ్చేయండి. పనిముట్ల సంచి ఎప్పుడూ తలుపు వైపు పెట్టుకోండి.

సైటులో వేధిస్తే?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో పనిచోట హింస, వేధింపుల మీద 190వ ఒప్పందాన్ని ఆమోదించింది, అది 2021 జూన్ 25 నుంచి అమల్లోకి వచ్చింది. అది ఉద్యోగులతో పాటు శిక్షణలో ఉన్నవాళ్లకూ అప్రెంటిస్‌లకూ ఉద్యోగం వెతుక్కునేవాళ్లకూ వర్తిస్తుంది. పని కోసం చేసే ప్రయాణం, పనికి సంబంధించిన ఫోన్లు, మెసేజ్‌లు కూడా అందులోకి వస్తాయి. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, మీ దేశంలో ఏ చట్టం ఉందో శిక్షణ మొదటి వారంలోనే చెప్పించుకోండి.

కార్యక్రమం నడిపేవాళ్లకి ఇంకో మాట. వేధించేది ఫోన్‌లో సాయం చేసే సీనియరే కావచ్చు. ఆమె నంబరు, ఆమె పని రెండూ అతని చేతిలో ఉంటాయి. అందుకే ఫిర్యాదు వినే మనిషి సీనియర్ల గుంపులో ఉండకూడదు. ఫిర్యాదు చేశాక ఆమెకి సాయం ఆగిపోకూడదు, ఇంకొకరిని చూపించాలి. పేరున్న మేస్త్రిని పోగొట్టుకోలేక సర్దిచెప్పే సంస్థలో శిక్షణ ఎంత బాగున్నా చేరకండి.

గర్భం వస్తే పని మానేయాల్సిందేనా?

కొన్ని పనులు ఆపాలి. సీసం ఉన్న పాత పెయింటు గీకడం, సీసంతో అతికే పని, గాలి ఆడని చోట వెల్డింగ్ పొగ, ఎత్తు, బరువులు, వీటి గురించి డాక్టర్‌కి పని వివరాలు చెప్పి సలహా తీసుకోండి. "వెల్డింగ్ చేస్తాను" అంటే చాలదు, ఏ లోహం, ఎంతసేపు, ఎలాంటి చోట అన్నది చెప్పండి. ట్రేడ్ మాత్రం వదలక్కర్లేదు. ఎస్టిమేట్లు వేయడం, పని చూసి తప్పులు పట్టడం, కొత్తవాళ్ల ఫోన్లు ఎత్తడం, వీటికి జీతమిచ్చి ఆమెను అందులో ఉంచవచ్చు. ఆమెకు మార్కెట్‌లో పేరు పోకుండా ఉంటుంది.

ఇంట్లోవాళ్లు ఒప్పుకోవట్లేదు.

వాళ్లని ఒకసారి శిక్షణ చోటుకి తీసుకురండి. నచ్చజెప్పే మీటింగ్ వద్దు. ఇంట్లో పాడైన ఫ్యానో, మిక్సీయో తెమ్మనండి, ఆమెతోనే బాగుచేయించండి. దీనికి మించిన కౌన్సెలింగ్ నాకు తెలియదు. అయినా ఒప్పుకోకపోతే, ఆమె ఎంత తెగించాలో ఆమె నిర్ణయించుకోవాలి, మనం తొందరపెట్టకూడదు.

నేను కాంట్రాక్టర్‌ని. మహిళల్ని పెట్టుకుంటే నాకేం లాభం?

మనిషి దొరుకుతుంది, పని నేర్చిన మనిషి. అంతకన్నా చెప్పను. "ఆడవాళ్లు శుభ్రంగా చేస్తారు, తాగరు, ఎదురుచెప్పరు" అని వాళ్లని అమ్మజూపే ప్రచారం నాకు నచ్చదు. ఎదురుచెప్పరన్న పేరు వచ్చిన వాళ్లకి కూలి పెంచిన చరిత్ర లేదు. సమాన విలువ ఉన్న పనికి సమాన వేతనం ఇవ్వాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది 1951లో. పక్కన నిలబడి అదే గోడ కడుతున్న మగమేస్త్రికి ఇచ్చేదే ఆమెకీ ఇవ్వండి.

పనిముట్లు ఉచితంగా ఇవ్వొచ్చా?

ఇవ్వండి, కానీ నాసిరకం ఇవ్వకండి. ఇన్సులేషన్ సరిగ్గా లేని కటింగ్ ప్లేయర్ ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడం మేలు. ఖరీదైన డ్రిల్లింగ్ మిషన్, పైపు బెండింగ్ మిషన్ లాంటివి ఒక చోట ఉంచి అద్దెకో, వంతులవారీగానో వాడుకోనివ్వొచ్చు. కిట్ మీద సంస్థ బొమ్మ పెద్దగా అచ్చు వేయించొద్దు. కస్టమర్ ముందు ఆమె ఎలక్ట్రీషియన్‌లా కనపడాలి, లబ్ధిదారులా కాదు.

కార్యక్రమం బాగా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారన్నది వదిలేయండి. ఏడాది తర్వాత ఎంతమంది అదే ట్రేడ్‌లో ఉన్నారు, ఎంత సంపాదిస్తున్నారు, రెండోసారి పిలిచిన కస్టమర్లు ఎందరు అన్నది చూడండి. మానేసినవాళ్లని వెతికి ఎందుకు మానేశారో అడగండి. వాళ్లు చెప్పేది వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ ఎక్కువ తెలిసేది వాళ్ల దగ్గరే.

ఫోన్ సాయం ఎప్పుడు ఆపాలి?

తేదీ పెట్టుకుని ఆపకండి, వచ్చే ప్రశ్నలు చూడండి. మొదట్లో "ఇదేంటి" అని అడుగుతారు. కొన్నాళ్లకి "ఇలా చేద్దామనుకుంటున్నా, సరేనా" అంటారు. ఆ తర్వాత ఫోన్లు తగ్గిపోతాయి, అరుదుగా ఎప్పుడూ చూడని మిషన్ వచ్చినప్పుడు చేస్తారు. అప్పుడు అడగాల్సింది "ఇక చాలా" అని కాదు, "వారానికి రెండు సాయంత్రాలు కొత్తవాళ్ల ఫోన్లు మీరు ఎత్తగలరా, ఇంత ఇస్తాం" అని. కొందరు ఒప్పుకోరు, వాళ్ల పనే వాళ్లకి తీరిక లేనంత ఉంటుంది.